నీడ లేని రోజు, షెడ్డు లేని స్టాపు

మా కాలేజీకి రావాలంటే షెడ్డు దగ్గర దిగాలి. షెడ్డు ఎక్కడుందని మాత్రం అడగకండి. లేదు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవేను వెడల్పు చేసినప్పుడు ఆ నాలుగు స్తంభాల రేకుల కప్పును జేసీబీ పెట్టి ఒక్క పూటలో తీసేశారు. కప్పు పోయింది, అరుగు పోయింది, అరుగు మీద పడుకునే కుక్క కూడా మకాం మార్చింది. పేరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పటికీ ఆటోవాళ్లు "షెడ్డా?" అనే అడుగుతారు. పెళ్లి పత్రికల మీద "షెడ్డుకు ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాలు" అని అచ్చేయిస్తారు. కొత్తవాళ్లు దిగి, నాలుగు దిక్కులూ చూసి, "షెడ్డెక్కడండీ?" అంటే, కంకర కలిసిన మట్టి దిబ్బను చూపించి "ఇదే" అంటాం. వాళ్లు మమ్మల్ని చూసే చూపు నాకు బాగా అలవాటైపోయింది.

నేను పుట్టింది మిర్యాలగూడ, మెట్టింది సూర్యాపేట, జీతం వచ్చేది కోదాడ పక్కన ఈ డిగ్రీ కాలేజీలో. చెప్పేది ఫిజిక్సు. మూడు ఊళ్ల మధ్య తిరిగీ తిరిగీ నాకు కూర్చున్నచోట కూర్చోలేని జబ్బు పట్టుకుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కుదురుండదు, ముందు సీటువాళ్ల తగాదాలో దూరి తీర్పు చెప్పి వస్తాను. మా ఆయన దీనికి పెట్టిన పేరు వేరే ఉంది, ఇక్కడ రాయను.

పోయిన ఏడాది దసరా సెలవులు అయ్యాక బస్సులు షెడ్డు దగ్గర ఆగడం మానేశాయి. మొదటి రోజు డ్రైవరు మరిచిపోయాడనుకున్నాను. రెండో రోజు కండక్టరుతో పోట్లాడాను. మూడో రోజు డిపోకి పోయాను.

"హైవే మీద షెల్టర్ లేనికాడ బస్సు ఆపొద్దని పైనుంచి చెప్పిన్రు మేడం. షెల్టర్ కట్టిచ్చుకోండ్రి, ఆపుతం" అన్నాడు అక్కడి సారు.

న్యాయంగానే ఉందనుకుని రోడ్డు ఆఫీసుకు పోయాను. అక్కడి సారు కూడా అంతే మర్యాదగా కుర్చీ వేయించి, "బస్సే ఆగని కాడ షెల్టర్ ఎట్ల కడతం మేడం? ముందుగాల బస్సు ఆపిచ్చుకోండ్రి" అన్నాడు.

గుడ్డు ముందా కోడి ముందా అని చిన్నప్పుడు అడిగితే పెద్దవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్నకు రెండు ఆఫీసులు పెట్టి, రెండింటికీ ఫ్యాన్లు బిగించి, అటెండర్లను కూడా వేశారని నాకప్పుడు తెలిసింది.

దాంతో బస్సు మమ్మల్ని ముందున్న జంక్షన్లో దింపేది. అక్కడి నుంచి లారీల గాలికి చున్నీలు ఎగిరిపోతుంటే రోడ్డు పక్కన వెనక్కి నడిచి రావాలి. వచ్చేసరికి మొదటి పీరియడు సగం పోయేది. మొదటి పీరియడు నాది కాబట్టి నా కోపానికి స్వార్థం కూడా ఉందని ఎవరైనా అంటే కాదనను. సాయంత్రం ఇంకా కష్టం. జంక్షన్ దాకా నడిచేలోపు బస్సు పోయేది. తర్వాతి బస్సు దాని ఇష్టం.

మా ఫైనలియరులో ఒక పిల్ల ఉండేది. మనిషి పొట్టి, మాట పొడుగు. నడిగూడెం దిక్కు ఒక పల్లె నుంచి వచ్చేది. వాళ్ల నాన్నకు గొర్ల మంద ఉంది. హైవే మీద దిగి, అక్కడ ఆటో పట్టుకుని, ఆటో దొరక్కపోతే నడిచి ఇల్లు చేరేసరికి ఆ పిల్లకు చీకటి పడేది. జూలైలో ఒకరోజు వాళ్ల నాన్న నాకు ఫోన్ చేశాడు.

"మేడం, మా గొర్లు సుత పొద్దుగూకకముందే దొడ్డికి వస్తయి. నా బిడ్డ వస్తలేదు. ఇంట్ల ఆడది వాకిట్ల నిలవడి ఏడుస్తున్నది. ఇంకో నెల సూస్త. బస్సు ఆగితె సరే. లేకుంటె సదువు బంద్."

"ఇంకొక్క ఏడాదే కదన్నా, డిగ్రీ చేతికొస్తది" అన్నాను.

"డిగ్రీ సంగతి నాకెరికనే మేడం. చీకటి సంగతి మీకెరికనా?"

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. నాలుగు కడిగేసి ఫోన్ పెట్టేసేదాన్ని. జవాబు లేని మాట మాట్లాడే మంచివాళ్లతోనే నాకు చిక్కు.

ఆ వారమే క్లాసులో చంద్రుడి మీద మన నౌక దిగిన వీడియో మళ్లీ వేశాను. వేగం ఎలా తగ్గించుకుంటుంది, చివర్లో ఎంత మెల్లగా వాలుతుంది, ఇవన్నీ చెబుతున్నాను. నౌక దిగగానే పిల్లలు చూసిందే అయినా చప్పట్లు కొట్టారు. ఈ పిల్ల చెయ్యెత్తింది.

"డౌటు మేడం."

"అడుగు."

"గాడ షెల్టర్ ఉన్నదా మేడం?"

"ఎక్కడ?"

"చంద్రుడి మీద. షెల్టర్ లేకున్నా ఆగింది కద!"

క్లాసంతా బల్లలు గుద్దింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే వాళ్ల నాన్న ఇచ్చిన గడువు లెక్కేసుకున్నాను. ఆ నెలలో అప్పటికే వారం పోయింది.

ఆ రోజు మిగిలిన పీరియడులో నీడ లేని రోజు గురించి చెప్పాను. సూర్యుడు రోజూ మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడని అందరూ అనుకుంటారు. రాడు. కాస్త ఉత్తరానికో దక్షిణానికో ఒరిగే ఉంటాడు. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లే నిట్టనిలువుగా నెత్తి మీదికి వస్తాడు. మేలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి. ఆ పూట నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ దాని కిందే పడి, కనపడకుండా పోతుంది. అది కూడా సరిగ్గా పన్నెండుకు కాదు, మన దగ్గర పన్నెండుంబావు ప్రాంతంలో.

ఇదే మాట ఇంట్లో చెబితే మా ఆయన చదువుతున్న పేపరు దించలేదు. "సూర్యాపేటల పుట్టినోన్ని. నాకు సూర్యుని గురించి చెప్తున్నవా? మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద కాకపోతే సంకలుంటడా?" అన్నాడు. ఆయన్ను వాకిట్లో నిలబెట్టి స్కేలు పెట్టి నీడ కొలిచి చూపించాను. బెత్తెడు నీడ పడింది. "వాకిలి వంకరుంది" అన్నాడు.

మేలో కాలేజీకి సెలవులు. పైగా సూర్యాపేట మే నెలలో మిట్టమధ్యాహ్నం బయట నిలబడేంత సైన్సు ప్రేమ నాకు లేదు. ఆగస్టుదే చూపిద్దామనుకున్నాను. కాలేజీ ఆవరణలో వేప చెట్లు, బిల్డింగుల అడ్డం ఎక్కువ. తెరిపిగా, చదునుగా, ఏ అడ్డమూ లేకుండా ఉన్న చోటు ఏదని వెతికితే ఒక్కటే దొరికింది. షెడ్డు. కప్పు పీకేసిన వాళ్లు మాకు తెలియకుండానే మంచి వేధశాల కట్టించి ఇచ్చారు.

వాట్సాప్ గ్రూపులో సమాచారం పెట్టే పని ఆ పిల్లకు అప్పజెప్పాను. ఆమె పెట్టింది ఇది: "రేపు నీడ లేని రోజు. మన షెడ్డు కాడ పన్నెండుంబావుకు. అందరం నిలబడి చూపిద్దాం. మీ వాళ్లందరికీ పంపండి."

ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. శాస్త్రం ప్రకారం ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. కానీ తెలుగులో నీడ అంటే రెండు. కాళ్ల కింద పడేదీ నీడే, నెత్తి మీద ఉండేదీ నీడే. మనిషిని వెంటాడేదీ, మనిషిని కాపాడేదీ ఒకటే మాట. ఆ సంగతి మరిచిపోయి నేను ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే మిర్యాలగూడ నుంచి మా అన్న కూతురు ఫోన్. తనూ డిగ్రీయే చదువుతోంది అక్కడ.

"అత్తా, ఇయ్యాల మీ షెడ్డు కాడ ధర్నా అంట కద! మా కాలేజోళ్లు రెండు ఆటోలల్ల వస్తున్నరు. నేను కూడ వస్తున్న."

"ధర్నా ఏందే?"

"నీడ లేని రోజు అంట. బస్టాపులల్ల నీడ లేదని. మా నిడమనూరు రోడ్డు మీద కూడ లేదు గదత్తా, ఎండల మాడిపోతున్నం. ఎవరు రాసిన్రో గాని మస్తు రాసిన్రు!"

అది ధర్నా కాదనీ, సూర్యుడి సంగతనీ, నడినెత్తి సంగతనీ చెప్పాను. ఓపిగ్గా వింది.

"అంటే మాకు గూడ నీడ ఉండదా ఆ టైముకు?"

"మీకు రేపు. మిర్యాలగూడ ఇంకాస్త దక్షిణంలో ఉంది, అందుకని."

"దామరచర్ల పవర్ ప్లాంటు గొట్టానికి సుత ఉండదా?"

"ఉండదు, కాసేపు."

"అయితే మంచిదే అత్తా. ఇయ్యాల మీ కాడ చేసి, రేపు మా కాడ చేస్తం" అని పెట్టేసింది.

నేను కాలేజీ చేరేసరికి ప్రిన్సిపాలు గారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. కోదాడ అవతలి మనిషి, మాట మెత్తన.

"ఏంటండీ మేడం ఇది? స్టేషన్ నుంచి రెండుసార్లు ఫోను. పర్మిషన్ ఉందా అంటున్నారు. దేనికి పర్మిషనండీ, సూర్యుడికా?"

"సైన్సు ప్రోగ్రాం సార్. నిన్ననే చెప్పాను కదా."

"చెప్పారు. పేరు చెప్పలేదు. ఒక్క మాట నన్నడిగుంటే 'ఛాయారహిత దినం' అని పెట్టించేవాణ్ణి కదండీ! ఒక్కడికీ అర్థమయ్యేది కాదు, ఒక్కడూ వచ్చేవాడు కాదు. మీరేమో అచ్చ తెలుగులో పెట్టారు. చూడండి ఏమైందో."

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన చెప్పిన అతి గొప్ప మాట అది. అప్పుడు మెచ్చుకునే తీరిక లేకపోయింది.

ఆ పిల్లను పక్కకు పిలిచాను. "నిజం చెప్పు. కావాలని రాశావా?"

"నేను సైన్సే రాసిన మేడం" అంది, కళ్లు ఇటూ అటూ పోనివ్వకుండా. "సదివినోళ్లంత రోజూ ఎండల నిలవడేటోళ్లు. వాళ్లకట్ల సమజైంది. నేనేం జెయ్యాలె?"

ఇప్పటికీ నాకు తెలియదు. అడిగినప్పుడల్లా ఇదే జవాబు.

పదకొండు దాటేసరికి షెడ్డు దగ్గర జాతర. మా పిల్లలు చార్టులు పట్టుకుని వచ్చారు, వాటి మీద భూమి, సూర్యుడు, బాణాలు. సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి వచ్చిన కుర్రాళ్లు అట్టముక్కల మీద "మాకు నీడ కావాలి" అని రాసుకొచ్చారు. వాళ్ల పక్కనే మా ఫస్టియర్ అమ్మాయి పట్టుకున్న చార్టు మీద "నీడ లేకపోవడం ప్రకృతి సహజం" అని ఉంది. ఒక కుర్రాడు ఆ అమ్మాయితో కొట్లాటకు దిగాడు.

"నువ్వు ఎవరి సైడు? గవర్నమెంటు సైడా?"

"నేను సూర్యుని సైడు."

"ఎండ పెట్టేటోడే ఆయన గద!"

ఇంతలో ఎస్సై గారు దిగారు. కుర్రవాడే, మా పాత విద్యార్థుల వయసు. ముందు మా చార్టులు చూశాడు, తర్వాత వాళ్ల అట్టలు చూశాడు, తర్వాత పెద్దదాన్ని కాబట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఎవరు మేడం పిలుపునిచ్చింది?"

"సూర్యుడు."

"జోకులొద్దు మేడం. ఏ సంఘం?"

"సౌర కుటుంబం అంటారు. చాలా పాతది. రిజిస్ట్రేషన్ లేదు."

ఆయన నవ్వు ఆపుకోవడానికి టోపీ సర్దుకున్నాడు. "సైన్సు రోడ్డు మీద ఎందుకు మేడం? కాలేజీల చేసుకోవచ్చు గద" అన్నాడు. రోడ్డు మీద కాదు, రోడ్డు దిగువన మట్టిలో ఉన్నామనీ, లారీలన్నీ దర్జాగా పోతున్నాయనీ, బస్సులు కూడా అంతకంటే దర్జాగా ఆగకుండా పోతున్నాయనీ చూపించాను. ఆయనకు అర్థమైంది. అర్థం కావడం వేరు, పైకి జవాబు చెప్పడం వేరు. "పన్నెండున్నరకల్లా ఖతం కావాలె" అని తన జీపు పక్కన నిలబడ్డాడు.

అంతా సరే, సూర్యుడేడీ? ఆగస్టు మబ్బు. పైన దుప్పటి కప్పినట్టు ఒకటే బూడిద రంగు. నీడ లేని రోజు చూడటానికి వచ్చిన వాళ్లకు పొద్దుటి నుంచీ నీడే లేదు. "అయిపోయిందా మేడం? ఇదేనా?" అని ఒకడు. ఎండలో నీడ కావాలని కొట్లాడటానికి వచ్చిన వాళ్లంతా తలెత్తి ఎండ రావాలని మొక్కుతున్నారు. నేను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తున్నాను. చెమట పడుతోంది. ఫోన్లో టైము చూస్తాను, పైకి చూస్తాను.

అప్పుడు ఆటో దిగాడు ఆ పిల్ల తండ్రి.

ముందు ఎవరో తెలియలేదు. భుజం మీద గొంగడి, చేతిలో పొడుగు కర్ర, మంద దగ్గర నుంచి ఉన్నపళంగా లేచి వచ్చిన మనిషి. నేరుగా కూతురి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు.

"పోలీసోళ్లు వచ్చిన్రని ఊరంత అంటున్రు. ఇగ సాలు. పా ఇంటికి."

"నాయినా, ఇది సదువే. పరీక్ష అసొంటిది."

"జీపు పెట్టి సెప్పే సదువు నాకద్దు."

"అన్నా, నేను ఉన్నాను కదా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. "మేడం, మీరున్నరు. బస్సు ఉన్నదా? నెల అయితున్నది. బస్సు కోసం నా బిడ్డ ఠాణాకు పోవాల్నా?"

నోరున్న దాన్నని మూడు ఊళ్లలో పేరున్న నేను మబ్బు కేసి చూశాను. ఆ పిల్ల చెయ్యి విడిపించుకోలేదు, కదలనూ లేదు. నీడ కోసం మట్టిలో నిలబెట్టిన కర్రస్కేలును ఇంకాస్త లోతుగా గుచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు అట్టముక్కలు దించారు. ఆ తండ్రి "పా" అని రెండోసారి అన్నాడు. మూడోసారి అంటే ఆ పిల్ల పోతుంది. పోతే మళ్లీ రాదు. అది నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు.

డిపో జీపు వచ్చింది అప్పుడే. బస్సులు ఆపేస్తున్నారని ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చాడు ఆ సారు. ఆగిన బస్సు ఒక్కటీ లేకపోయేసరికి ఆయనకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. నన్ను గుర్తుపట్టి నా మీదే చూపించాడు.

"మేడం, మీకు అప్పుడే చెప్పిన. షెల్టర్ లేనికాడ ఆపితె, రేపు ఏమన్న అయితె ఎవరు జవాబు? హైవే ఇది."

"ఆపకపోతే రోజూ హైవే పక్కన నడుస్తున్న వాళ్లకు ఏమైనా అయితే ఎవరు జవాబు?"

"అది మా కిందికి రాదు."

"మీ బస్సు కిందికి వస్తుంది!"

గొంతులు లేచాయి. ఎస్సై గారు మధ్యకు వచ్చాడు. ఆ గొడవలో ఎవరూ పైకి చూడలేదు. ఫస్టియర్ అమ్మాయి కేకేసింది. "మేడం! మేడం! ఎండ!"

మబ్బు చీలింది. ఎండ ఒక్కసారిగా పైనుంచి బిందెతో గుమ్మరించినట్టు పడింది. అందరం కిందికి చూసుకున్నాం. కర్రస్కేలుకు నీడ లేదు. మట్టిలో గుచ్చిన కర్ర ఉత్తిగా, ఏమీ అంటనట్టు నిలబడి ఉంది. కరెంటు స్తంభానికి నీడ లేదు. ఎస్సై గారు తన లాఠీని నిలువుగా పట్టుకుని చూశాడు. ఒకసారి ఎడమకు వంచి, మళ్లీ నిటారుగా పట్టుకుని, "అరె!" అన్నాడు, పోలీసు గొంతు కాదు అది. కుర్రాళ్లు ఒకరి కాళ్లు ఒకరు చూసుకుని అరుస్తున్నారు. మనుషులకు పూర్తిగా పోలేదు లెండి, పొట్టలూ భుజాలూ ఉంటాయి కదా, పాదాల చుట్టూ చిన్న నల్ల చాపలా ముడుచుకుని ఉంది. ఆ గొల్లాయన తన పొడుగు కర్రను నిలబెట్టి దాని మొదట్లోకి వంగి చూస్తున్నాడు. దాని కోసం కూతురి చెయ్యి వదిలేశాడని ఆయనకు తెలిసినట్టు లేదు.

ఆ పిల్లకు తెలిసింది. డిపో సారు ముందుకొచ్చి నిలబడింది.

"సార్, నీడ లేనికాడ బస్సు ఆగొద్దు. అంతేగద మీ రూలు?"

"షెల్టర్ అన్న నేను."

"షెల్టరంటె నీడనే గద సార్. ఇగ సూడుండ్రి. కోదాడల నీడ లేదిప్పుడు. మీ డిపోల లేదు. మీ కాళ్లకాడ సూసుకోండ్రి, మీకు గూడ లేదు. అయితె ఇప్పుడు కోదాడ బస్టాండుల బస్సులన్ని ఆగొద్దు గద సార్?"

ఆయన నిజంగానే కాళ్లకేసి చూసుకున్నాడు. జనం గొల్లుమన్నారు. తలెత్తేటప్పటికి ఆయన మొహం ఎర్రబడి ఉంది, అయితే నవ్వు కూడా ఎక్కడో మూతి చివర చిక్కుకుంది. తర్కంగా చూస్తే ఆ పిల్ల వాదనలో పస లేదు. పరీక్ష పేపర్లో రాస్తే నేనే సున్నా వేద్దును. కానీ నవ్విన మనిషి మళ్లీ రూలు మాట్లాడటానికి కాస్త సమయం పడుతుంది. ఆ సమయంలో ఎస్సై గారు ఆయన చెవి దగ్గరికి వంగి, మా అందరికీ వినపడేటట్టే, "ఏదో ఒకటి చెప్పి పంపుండ్రి సార్, జర. నాకు అన్నం టైము" అన్నాడు.

"సరే" అన్నాడు డిపో సారు. "సాయంత్రం బస్సును ఆపమని చెప్త. కాగితం అడగొద్దు. నోటి మాటే."

కుర్రాళ్లు ఈలలు వేశారు. ఎవరో నన్ను భుజం మీదికి ఎత్తబోయారు, నా బరువు చూసి మానుకున్నారు. మా అన్న కూతురు "అత్తా, రేపు మా కాడికి ఆ అక్కను పంపుతవా?" అని ఒకటే గోల. ఇంతలో ఎండ పోయి మళ్లీ మబ్బు కమ్మింది.

ఆ తండ్రి ఈలల్లో కలవలేదు. "నోటి మాటకు బస్సు ఆగుతదా?" అన్నాడు నాతో.

"ఆగుతుందన్నా."

"మీరు ఆగుతదంటున్రు. అది గంటకు గంతదూరం ఉరుకుతది. సాయంత్రం దాన్క ఈడనే కూసుంట. ఆగిందా, రేపటి సంగతి రేపు సూద్దం. ఆగలేదా, నా బిడ్డ పుస్తకాలు ఇయ్యాలనే ఇంటికొస్తయి."

అన్నట్టే ఆ దిబ్బ మీద గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం రెండు క్లాసులు చెప్పానంటే చెప్పాను. బోర్డు మీద ఏం రాశానో నాకే తెలియదు. పిల్లలు కూడా కిటికీలోంచి రోడ్డే చూస్తున్నారు. ఎన్నిసార్లు గేటు దాకా పోయి వచ్చానో. పోయినప్పుడల్లా ఆయన అక్కడే, బస్సు వచ్చే దిక్కు మొహం పెట్టి. మా ప్రిన్సిపాలు గారు ఆయనకు టీ పంపించారు. ఆయన తాగి, గ్లాసు కడిగి పంపించాడు.

కాలేజీ వదిలాక షెడ్డు దగ్గర మేం ఓ పదిహేను మందిమి మిగిలాం. కోదాడ దిక్కు నుంచి బస్సు కనపడింది. ఎంత దూరంలో ఉన్నా మన బస్సు మనకు తెలిసిపోతుంది. చేతులెత్తాం. ఆ పిల్ల రెండు చేతులూ ఎత్తింది. బస్సు వేగం తగ్గలేదు. దగ్గరికొచ్చింది. తగ్గలేదు. డ్రైవరు మొహం కూడా కనపడింది, ఎటో చూస్తున్నాడు. మా ముందునుంచి దుమ్ము కొట్టుకుంటూ దాటిపోయింది.

నేను తండ్రి మొహం చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

అప్పుడు బ్రేకుల కీచు వినిపించింది. బస్సు చాలా ముందుకు పోయి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. వెనక తలుపులోంచి కండక్టరు సగం బయటికి వేలాడుతూ అరుస్తున్నాడు. "ఉరుకుండ్రి! జల్ది! ఆపమన్నరు గాని ఏడ ఆపాల్నో సక్కగ చెప్పిన్రా మాకు!"

ఉరికాం. ఈ వయసులో నేను అంత పరుగెత్తడం మా ఆయన చూసి ఉంటే జన్మంతా చెప్పుకునేవాడు. చెప్పు ఒకటి జారింది, తీసి చేత్తో పట్టుకున్నాను. అందరికంటే ముందు ఎక్కింది ఆ గొల్లాయన.

బస్సు కదిలాక ఊపిరి తీసుకుంటూ కండక్టరును పట్టుకున్నాను. "పొద్దటి బస్సు సంగతేమిటి? పొద్దున కూడా ఇక్కడే దింపాలి వీళ్లను."

"పొద్దటిది వేరే డ్యూటీ మేడం. వేరే డ్రైవరు, వేరే కండక్టరు. నాకేం ఎరిక?"

"అంటే రేపు మళ్లీ జంక్షన్ దాకా పోవాలా? ఆ సారు ఒక్క సాయంత్రానికేనా చెప్పింది?"

"ఏమో మేడం. సాయంత్రం అన్నరు, సాయంత్రం ఆపినం. పొద్దున అనలే."

నిజమే. ఆయన అన్నది సాయంత్రం అనే. నేనే వినలేదు. ఒళ్లు మండిపోయింది. రేపు పొద్దున్నే డిపోకి పోవాలి, మళ్లీ అదే కుర్చీ, అదే మర్యాద. కండక్టరు మీదికి ఇంకో మాట రాబోతుండగా, వెనక సీట్లో కూతురి పక్కన కూర్చున్న తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"పొద్దటి బస్సు ఎన్నింటికొస్తది?"

ఆ పిల్ల చెప్పింది.

"ఎల్లుండికల్ల మంద ఎట్లనన్న ఈ దిక్కు మేతకు తోలాలె. రేపే తోలుకొస్త" అన్నాడు. "షెడ్డుకాడ రోడ్డుకు అడ్డం తిప్పుత. మనుషులకు ఆగకపోతే పాయె, గొర్లకు ఆగదా?"

"నాయినా! హైవే మీద గొర్లా! ఎస్సై మళ్ల వస్తడు!"

"రానియ్" అన్నాడాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నువ్వైతే సక్కగ దిగి లోపటికి పో. మొదటి క్లాసు ఈ మేడందేనంట గద."